తొట్టెలో డాక్టరు

ఆ శనివారం పొద్దున రెబెకమ్మకు కూతురూ అల్లుడూ కలిసి ఒకే ఒక్క పని అప్పగించారు. చేపలకు మేత వెయ్యకుండా ఉండటం.

అల్లుడు సురేంద్రబాబు ఆత్మకూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. కూతురు రూబీ టీచరు. రూబీతో పనిచేసే ఒకామె పెళ్ళికని ఇద్దరూ పొద్దున్నే నెల్లూరు బయలుదేరారు. సాయంత్రానికి వచ్చేస్తామన్నారు. కొన్నాళ్ళు ఉండిపోదామని ఉదయగిరి నుంచి వచ్చిన రెబెకమ్మ ఇంటికి కాపలా. కాపలా అంటే ఇంటికి కాదు, ముందు గదిలో టీవీ ఉండవలసిన చోట వెలుగుతున్న గాజు తొట్టెకు. అందులో ఉన్నది మామూలు చేపల తొట్టెల్లో ఉండే మంచినీళ్ళు కాదు. సురేంద్రబాబు ఉప్పు కొలిచి, వేడి చూసి, పగడాలు నాటి సొంతంగా పెంచుకుంటున్న సముద్రం.

"ఇంకోసారి చెప్తన్నాను అత్తమ్మా," అన్నాడు సురేంద్రబాబు, చెప్పులు వేసుకుంటూ. "పెద్ద తొట్టెలకి నురగ తీసే మిషనొకటి ఉంటాది. స్కిమ్మర్ అంటారు. నీళ్ళల్లో మిగిలిన మురికంతా నురగ చేసి లాగేస్తాది. మనకి ఆ మిషన్ లేదు. చిన్న తొట్టెకి అక్కర్లేదని నేనే పెట్టలా. బదులు రెండే రెండు జాగ్రత్తలు. వారం వారం కొన్ని నీళ్ళు తీసేసి కొత్త ఉప్పునీళ్ళు పొయ్యాల. మేత చిటికెడంటే చిటికెడే వెయ్యాల. ఒక్క మెతుకు ఎక్కువైనా నీళ్ళు చెడిపోతాయి. ఈ పూటకి మేత నేనేసేసినాను."

"వెయ్యను నాయనా."

"నీళ్ళు ఈ గీత కన్నా దిగితే ఈ క్యాన్లో మంచినీళ్ళు పొయ్యండి. మేత మాత్రం..."

"వెయ్యనంటిని గదా."

రూబీ గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "అమ్మా, నీ సంగతి నాకు తెలుసు," అని మాత్రం అని కారెక్కింది.

రెబెకమ్మ సంగతి ఉదయగిరిలో అందరికీ తెలుసు. మిషన్ హాస్టలు వంటగదిలో ఆమె జీవితం గడిచింది. ఆడపిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడితే, ఎవరి మొహం చూసి వాళ్ళ ఆకలి చెప్పేది. రెండోసారి వడ్డనకు వచ్చిన పిల్లను వార్డెను ఆపితే, వార్డెనునే ఆపేది. ఆమె చేతి కింద పెరిగిన పిల్లలు ఇప్పుడు నర్సులు, టీచర్లు అయినా, కనబడితే ముందు "తిన్నావా మే?" అనే అడుగుతుంది.

అటువంటి మనిషి వేడి ఇడ్లీల పళ్ళెంతో తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

నారింజ రంగు మీద తెల్లపట్టీల చేపలు రెండు. రాతి మీద మెల్లగా చేతులూపుతున్నట్టుండే మెత్తటి పగడాలు. అద్దం మీద పాకే నత్తలు. అన్నిటికన్నా సురేంద్రబాబుకు ప్రాణమైనది, ఎర్రటి వీపు మీద తెల్లగీత, తెల్లటి పొడుగు మీసాలు ఉన్న ఒక రొయ్య. చేపలు దాని ముందుకు వచ్చి నోళ్ళు తెరిస్తే అది లోపలికి చేతులు పెట్టి మురికి తీసేది. అందుకని సురేంద్రబాబు దానికి డాక్టరని పేరు పెట్టాడు. చెన్నై నుంచి ప్రాణం పోకుండా తెప్పించుకున్న డాక్టరు.

రెబెకమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. చేపలు రెండూ అద్దానికి మూతులు ఆనించి ఆమెనే చూశాయి. ఆమె కుర్చీ పక్కకు జరుపుకుంది. చేపలూ జరిగాయి. ఆమె వీపు తిప్పి కూర్చుంది. వీపు మీద చూపులు తగిలాయి.

"చిటికెడంట చిటికెడు," అంది పైకి. "కాలేజీలో చెప్పే అయ్యకి ఆకలి సంగతి ఏం తెలస్తాది?"

గోరంత ఇడ్లీ తుంచి వేసింది. పెద్ద చేప నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ముక్క పెద్దదయిందేమో అనుకుని మెత్తగా నలిపి వేసింది. అదీ ఉమ్మేసింది. ఈ లోపల పగడాలు ఏమనుకుంటాయోనని వాటికీ కొంచెం వేసింది. నత్తలు పేదవి, అడగలేవు, వాటికి అడుక్కి వెళ్ళేటట్టు వేసింది. చివరకు పళ్ళెంలో ఇడ్లీ అయిపోయింది గానీ తొట్టెలో ఎవరూ తిన్న జాడ లేదు.

మెతుకులు పగడాల మధ్య ఇరుక్కుని, నీళ్ళు గంజిలాగా తెల్లబడటం మొదలైంది. ఊగుతున్న పగడాలు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. రెబెకమ్మ కుర్చీలోంచి లేచింది. వంగి చూసింది. రాతి మూల, ఇసక మీద, డాక్టరు పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. కాళ్ళూ మీసాలూ అన్నీ ఉన్నాయి. కదలిక లేదు. రంగు కూడా వెలిసిపోయింది.

జల్లిగరిటెతో పైకి తీసి వేలితో తట్టింది. ఏమీ లేదు. స్టీలు గిన్నెలో పడుకోబెట్టి, చీమలు పడతాయని మూతపెట్టి, వంటింటి గట్టు మీద ఉంచింది. తర్వాత ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. హాస్టలు వంటగదిలో తనతోపాటు గరిటె తిప్పిన శీనమ్మ ఒక్కతే ఇటువంటి సమయంలో దిక్కు. ఉదయగిరి దూరం కాబట్టి రెబెకమ్మ ఫోనులో ఆ దూరానికి తగ్గట్టే గట్టిగా మాట్లాడుతుంది.

"శీనమ్మా! డాక్టరు పోయినాడు మే!"

అవతల శీనమ్మ ఏదో అడిగింది.

"ఎట్లా ఏంది, నా చేతి ఇడ్లీనే! పొద్దున బాగా తిరగతా ఉండినాడు. ఇడ్లీ పెట్టినాను. మళ్ళా చూసేతలికి పక్కకి వాలిపోయి ఉండాడు. అల్లుడొస్తే ఏం మొహం పెట్టుకునేది నేను!"

గోడ అవతల కరివేపాకు కోస్తున్న దేవకమ్మ చేతిలో రెమ్మ అలాగే ఉండిపోయింది. ఆ వీధి మొదట్లో కొండలయ్య డాక్టరు క్లినిక్కు ఉంది. ఆయనకూ సురేంద్రబాబుకూ చర్చిలో బాగా స్నేహం. శనివారాలు క్లినిక్కుకు పోతూ ఆ ఇంట్లో కాఫీ తాగి, కాసేపు తొట్టె చూసి పోవడం ఆయనకు అలవాటు. దేవకమ్మ కరివేపాకు అక్కడే పడేసి వీధిలోకి పరుగెత్తింది. "మీసాలు కూడా అట్లనే ఉండాయి మే, పాపం రొయ్య," అని రెబెకమ్మ అనేసరికి వినడానికి గోడ అవతల ఎవరూ లేరు.

క్లినిక్కులో కాంపౌండరు వెంగయ్య అప్పటికే కంగారుగా ఉన్నాడు. డాక్టరు ఇంకా రాలేదు. ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఒంటరి మనిషి కాబట్టి ఇంట్లో అడగడానికీ ఎవరూ లేరు. దేవకమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి రొప్పుతూ చెప్పేసరికి, వెంగయ్య ఇంక దేన్నీ సరిచూసుకోలేదు. షట్టరు సగానికి దించి దాని కిందే కూలబడ్డాడు. బెంచీల మీద కూర్చున్న రోగులు తమ జబ్బులు మరిచిపోయి ఏడవడం మొదలుపెట్టారు. దేవకమ్మ ఆ ఊపులోనే రూబీకి ఫోను చేసి, "మీ అమ్మ ఇడ్లీ పెట్టిందంట, డాక్టరు పోయినాడు," అని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేసింది. ఎవరో పాస్టరుగారికి చెప్పారు. కాసేపటికి చర్చి గంట ఆగి ఆగి మోగింది.

ఆ గంట రెబెకమ్మకూ వినిపించింది. ఎవరో పుణ్యాత్ములు పోయారనుకుని, తన బాధలోనే వాళ్ళ కోసం కూడా చిన్న ప్రార్థన చేసుకుంది. అప్పుడే గేటు చప్పుడైంది. తలుపు తీస్తే వాకిలి నిండా జనం. ముందు పాస్టరుగారు, పక్కన కళ్ళు తుడుచుకుంటున్న వెంగయ్య, వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న దేవకమ్మ.

ఆత్మకూరు వాళ్ళు మంచివాళ్ళని రూబీ చెబుతుండేది గానీ, ఒక రొయ్య కోసం పాస్టరుగారు సైతం కదిలి వస్తారని రెబెకమ్మ అనుకోలేదు.

"ఎప్పుడమ్మా?" అన్నాడు వెంగయ్య.

"ఇందాకనే నాయనా. నేను చూసేతలికే అయిపోయినాడు."

"బాధ పడినాడా?"

"ఏం తెలస్తాది? నోరు లేదు గదా పాపం."

వెంగయ్యకు ఆ మాట అర్థం కాలేదు గానీ ఏడుపు ఇంకా ఎక్కువైంది. పాస్టరుగారు మెల్లగా, "ఇప్పుడెక్కడ ఉన్నారమ్మా ఆయన?" అని అడిగారు.

"వంటింట్లో అయ్యగారూ. గిన్నెలో పెట్టినాను."

ముందున్నవాళ్ళు ఒక్కడుగు వెనక్కి వేశారు.

"చీమలు పడతాయని మూత కూడా పెట్టినాను," అంది రెబెకమ్మ, తను చెయ్యగలిగిందంతా చేశానని వాళ్ళకు తెలియాలని.

దేవకమ్మ గేటు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధి చివర ఒక స్కూటరు ఆగింది. అనుమసముద్రంపేటలో మంచం పట్టిన ముసలామెను చూసి వస్తున్న కొండలయ్య డాక్టరు, ఎండకు నెత్తిన కట్టుకున్న తువ్వాలుతోనే దిగాడు. ఫోను ఇంట్లో మరిచిపోయిన సంగతి ఆయనకు దారిలో గుర్తొచ్చింది. క్లినిక్కు షట్టరు సగం దించి ఉంది, వీధంతా సురేంద్రబాబు ఇంటి ముందు ఉంది. ఆయన వచ్చి జనం వెనక నిలబడ్డాడు.

"ఎవరు పోయినారు?" అన్నాడు ముందున్నాయన భుజం తట్టి.

ఆయన వెనక్కి తిరక్కుండానే, "డాక్టరు," అన్నాడు.

"ఏ డాక్టరు?"

"ఇంకే డాక్టరు, మన కొండలయ్య. బంగారంలాంటి మనిషి."

కొండలయ్య డాక్టరు తువ్వాలు ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. తన గురించి ఇటువంటి మాటలు వినే అవకాశం ఎవరికీ తేలికగా దొరకదని ఆయనకు తెలుసు. "అవునా? అంత మంచోడా?" అన్నాడు.

"చాలా మంచోడు. ఇంజెక్షను చెయ్యి మాత్రం మోటు. నాకు తొడ ఇప్పటికీ గట్టిగా ఉండాది."

"అంత నొప్పుంటే ముందే చెప్పాల గదయ్యా!" అని డాక్టరు తువ్వాలు తీసేశాడు.

తర్వాత ఏమైందో ఎవరికి వాళ్ళు వేరే రకంగా చెబుతారు. ఒకామె కెవ్వుమంది, ఇద్దరు గోడ దూకారు. దేవకమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెయ్యడం మొదలుపెట్టింది. వెంగయ్య మాత్రం డాక్టరును చూడగానే లేచి నిలబడి, ఇన్నేళ్ళ అలవాటు ప్రకారం, "సార్, పేషెంట్లు చాలాసేపటి నుంచి వెయిటింగ్," అన్నాడు.

రెబెకమ్మకు ఇదంతా ఏమిటో తెలియలేదు. అందరూ చూడవచ్చింది గిన్నెలో ఉన్న ఆయన్నే కదా అని లోపలికి వెళ్ళి తెచ్చి, పాస్టరుగారి ముందు మూత తీసింది.

దేవకమ్మ ఒక కన్ను తెరిచింది. "రొయ్యా?"

"డాక్టరు," అంది రెబెకమ్మ. "మా అల్లుడు పెట్టుకున్న పేరు."

మొదట ఎవరు నవ్వారో తెలియదు గానీ, ఆ నవ్వు గేటు దాకా పాకింది. పాస్టరుగారు కూడా దగ్గుతున్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నారు. రెబెకమ్మ ఒక్కతే నవ్వలేదు.

"నవ్వండి, మీకేం? ఆ పిల్లోడు రాత్రీ పగలూ దాన్నే చూసుకుంటా కూర్చుంటాడు. కాపలా పెట్టిపోతే నా చేత్తో నేను చంపినాను."

నవ్వులు ఆగిపోయాయి. కొండలయ్య డాక్టరు ముందుకు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, గిన్నె ముందు ఒక నిమిషం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన కోసం ఏడ్చినవాళ్ళ ఏడుపులన్నిటికన్నా ఈమె ఏడుపే నిజమైనదని ఆయనకు అనిపించింది.

కారు వచ్చి ఆగింది. రూబీ ఫోనులో విన్న ముక్కే సురేంద్రబాబుకు చెప్పడంతో, నెల్లూరు నుంచి ఆత్మకూరు దాకా ఇద్దరూ కారులో ఒకే చావుకు బాధపడుతున్నామనుకున్నారు. రూబీ ఏడుస్తుంటే, భార్యకు కూడా తన రొయ్య మీద ఇంత ప్రేమ ఉందా అని సురేంద్రబాబుకు ఆశ్చర్యం, లోలోపల సంతోషం కూడా కలిగాయి.

"ఏడవబాక రూబీ. ఇంకొకటి తెప్పించుకుందాం," అన్నాడట దారిలో సంగం దగ్గర.

"ఇంకొకరినా?"

"చెన్నైలో దొరకతాయి. ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు పోసి పంపిస్తారు."

ఆ తర్వాత ఆత్మకూరు వచ్చేదాకా రూబీ భర్త వైపు చూడలేదు.

అందుకే కారు దిగగానే గుమ్మంలో నిలబడి ఉన్న డాక్టరును చూసి రూబీ తలుపు పట్టుకుంది. సురేంద్రబాబు మాత్రం "నమస్తే సార్" అని ఆయన పక్క నుంచే దూసుకుపోయి తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గంజిలాంటి నీళ్ళు చూశాడు. ముడుచుకున్న పగడాలు చూశాడు. వెనక నుంచి రెబెకమ్మ గిన్నె అందించింది.

అతను గిన్నెలోకి చూశాడు. చేతిలోకి తీసుకుని వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. అటు నుంచి ఇటు వెలుగు దూసుకుపోయింది.

"అత్తమ్మా, ఇది డాక్టరు కాదు. డాక్టరు చొక్కా."

"ఏంది?"

"పెరిగినప్పుడు పాత పెంకు వదిలేస్తాడు. చూడండి, లోపల మనిషి లేడు. కొత్త పెంకు గట్టిపడేదాకా రాతి వెనకాల దాంకుంటాడు."

"అయితే బతికుండాడా?" రెబెకమ్మ గొంతు హాస్టలు రోజుల్లోలాగా మోగింది.

"ఇప్పటిదాకా ఉండాడు. ఈ నీళ్ళు ఇట్లే ఉంటే సాయంత్రానికి ఉండడు. ఎంత పడింది లోపల?"

"చిటికెడే నాయనా," అని ఒక్క క్షణం ఆగి, "చిటికెడు చిటికెడుగా ఒక ఇడ్లీ," అంది.

సురేంద్రబాబు కళ్ళు మూసుకుని తెరిచాడు. వారం వారం నీళ్ళు మార్చడానికి కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్ళ డ్రమ్ము పెరట్లో ఉంది. అతను అరచేతులు చరిచి, కాలేజీ ల్యాబులో చెప్పినట్టు పనులు పంచాడు. చావుకు వచ్చినవాళ్ళెవరూ కాదనలేదు. వచ్చినందుకు ఏదో ఒకటి చెయ్యాలని వాళ్ళకూ ఉంది. పాస్టరుగారు చొక్కా చేతులు మడుచుకుని బకెట్టు పట్టుకున్నారు. వెంగయ్యకు సన్నటి గొట్టంతో పని కొత్త కాదు, అడుగున పేరుకున్న ఇడ్లీని ఇసక కదలకుండా లాగేశాడు. ఉమ్మేసిన మెతుకులు నీళ్ళ మీద జిడ్డుగా తేలుతుంటే రెబెకమ్మ గరిటెతో తీసి పారబోసింది. దేవకమ్మ నేల తుడుస్తూ, నిజం తెలుసుకోకుండా పరుగెత్తే మనుషుల గురించి చాలా చెడ్డగా మాట్లాడింది.

పగడాల సందుల్లో ఇరుక్కున్న మెతుకులు మిగిలాయి. కొండలయ్య డాక్టరు బ్యాగులోంచి ఫోర్సెప్స్ తీసి, మణికట్టు దాకా చెయ్యి కడుక్కుని తొట్టెలో పెట్టాడు. మోటు చెయ్యని ఎవరన్నారో గానీ, ఒక్క పగడానికి కూడా తగలకుండా ఒక్కొక్క మెతుకే తీశాడు. ఇంజెక్షను గురించి మాట్లాడినాయన దూరం నుంచి అది చూసి తొడ తడుముకున్నాడు.

కొత్త నీళ్ళు పోసిన కాసేపటికి రాతి వెనక నుంచి రెండు తెల్ల మీసాలు బయటికి వచ్చాయి. మామూలుగా అయితే ఇంకొక రోజు దాకా వాడు బయటికి రాడని సురేంద్రబాబు గుసగుసగా చెప్పాడు. ఇడ్లీ వాసనకేమో, వాడు అటూ ఇటూ చూసి, ఇంకా ఎర్రగా, ఇంకా పెద్దగా ముందుకు నడిచి, ఇంకా తొట్టెలోనే ఉన్న కొండలయ్య డాక్టరు చేతి మీదికెక్కి, బొటనవేలి గోరు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు. డాక్టరు చెయ్యి కదల్చలేదు.

"నన్ను రేపు ఉదయగిరి బస్సెక్కించు నాయనా," అంది రెబెకమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "నేను కాపలాకి పనికిరాను."

"మీరు పోతే ఎట్లా? ఇన్నాళ్ళలో వాడు చొక్కా మార్చడం ఇదే మొదటిసారి, అదీ మీరున్నప్పుడు. నీళ్ళు కుదిరితేనే మారస్తాడు." సురేంద్రబాబు మేత డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "రేపటి నుంచి మేత మీరే వెయ్యాల. రోజుకి ఒక్క చిటికె."

రెబెకమ్మ డబ్బా గుండెకు ఆనించుకుంది. "ఎవరి చిటికె నాయనా? నీదా, నాదా?"

"నాది," అంది రూబీ, కారు దిగిన తర్వాత మొదటిసారి నోరు తెరిచి.

రొయ్య కథ వీధి దాకానే ఆగింది గానీ, డాక్టరు చావు కబురు మాత్రం బస్సెక్కి చేజర్ల, కలిగిరి, ఇంకా పైకి పోయింది. తను బతికే ఉన్నానని చూపించుకోవడానికి కొండలయ్య డాక్టరు ఆ సాయంత్రం షట్టరు పూర్తిగా ఎత్తించి, వీధికి కనబడేలాగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళందరినీ వెంగయ్య వరసలో కూర్చోబెట్టాడు. కలిగిరి నుంచి పూలదండతో వచ్చిన ఇద్దరు, అంత దూరం వచ్చినందుకు, బీపీ చూపించుకుని వెళ్ళారు.